పల్లె నుండి పెద్దాసుపత్రికి

(నాగాయలంకలో పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పౌరసంబంధముల శాఖ ఉద్యోగి వచ్చినాడనిన, ఇక అంకెలును కరపత్రములును తప్పవని మీరు భావించుట సహజము. కాని నేడు నేను చెప్పదలచినది ఒక ఆసుపత్రిని గూర్చి. అంతకంటె ముఖ్యముగ, ఆ ఆసుపత్రికిని మీ గ్రామమునకును నడుమనున్న దారిని గూర్చి. ఆ దారిలో జరుగునది డాక్టరు చేతిలో లేదు. ప్రభుత్వము చేతిలో కొంత ఉన్నది. మీ చేతిలో చాల ఉన్నది. ఈ మాట ఎందుకనుచున్నానో తెలియుటకు మా ఇంటిలో జరిగిన సంగతి ఒకటి మనవి చేయుదును.

పదునైదేండ్ల క్రిందట మా మేనమామ ఒక రాత్రి రొయ్యల చెరువు కాపలా ముగించుకొని మోపెడ్ మీద ఇంటికి వచ్చుచు, కల్వర్టు గోడకు కొట్టుకొని పడెను. తలకు దెబ్బ లేదు, నెత్తురు కారలేదు. లేచి కూర్చుండి మాటలాడెను. కడుపులో ఎడమవైపున నొప్పి అని మాత్రము అనెను. వెంటనున్నవారు సోడా త్రాగించిరి. ఊరిలోని ఆర్.ఎం.పి. డాక్టరు నొప్పికి సూది వేసెను. నొప్పి తగ్గకపోగా, దగ్గరి పట్టణములోని ఒక నర్సింగ్ హోమునకు తీసికొనిపోయిరి. అచ్చట మూడు గంటలు ఉంచుకొని, మరియొక చోటికి పొమ్మనిరి. ఆ రెండవచోట రాత్రివేళ శస్త్రవైద్యుడు లేడు. తెల్లవారుచుండగా పెద్దాసుపత్రికి చేరిరి. మెట్లయొద్దనే ఆయన ప్రాణము పోయెను. ప్లీహము చిట్లి లోలోపల రక్తము కారిపోయినదనియు, రాత్రియే తెచ్చియున్నచో ఆపరేషను చేసి బ్రతికించుటకు అవకాశముండెడిదనియు డాక్టరు చెప్పెను.

ఆ రాత్రి ఆయన వెంట నడచిన వారిలో చెడ్డవారెవ్వరును లేరు. అందరును ఆయన మేలునే కోరిరి. కాని ఎచ్చటికి పోవలెనో ఒక్కరికిని నిశ్చయముగ తెలియదు. మొదటనే పెద్దాసుపత్రికి పోదమని ఒకరనగా, "అక్కడికి పోయినవాడు తిరిగి రాడు" అని మరియొకరనిరట. ఈ మాట మీరును వినియుందురు. నేనును విశ్వసించితిని. తరువాత ఆలోచింపగా నాకు తోచినదేమనగా, అన్ని వాకిళ్లు తిరిగి చివరి ఘడియలో తెచ్చుటచేతనే అచ్చట అంతమంది చనిపోవుచున్నారు. అంతమంది చనిపోవుచున్నారన్న భయముచేతనే జనులు చివరి ఘడియ వరకు అచ్చటికి పోకున్నారు. ఈ చక్రమును త్రుంపవలసినవారు గ్రామ పెద్దలే.

బోధనాసుపత్రి అననేమి?

వైద్య కళాశాలకు అనుబంధమై, విద్యార్థులకు వైద్యము నేర్పుచు రోగులకు చికిత్స చేయునది బోధనాసుపత్రి. మన ప్రజలు పెద్దాసుపత్రి అందురు. ప్రభుత్వ కాగితములలో సర్వజన ఆసుపత్రి అని వ్రాయుదురు. "నేర్చుకొను కుర్రవాండ్ర చేతిలో మా ప్రాణము పెట్టుటయా?" అని కొందరు సంశయింతురు. సంగతి అట్లు కాదు. ప్రతి విభాగమునకును ఒక ప్రొఫెసరు, ఆయన క్రింద అసోసియేట్, అసిస్టెంటు ప్రొఫెసర్లు, వారి క్రింద పి.జి. వైద్యులు, ఆపైన హౌస్ సర్జన్లు ఉందురు. అర్ధరాత్రి మీరు పోయినను మేలుకొనియున్న వైద్యుడొకడు అచ్చట ఉండుటకు కారణము ఈ ఏర్పాటే. చిన్న ఆసుపత్రిలో ఒకే డాక్టరు పగలంతయు పనిచేసి రాత్రి నిద్రించును; అది ఆయన దోషము కాదు. బోధనాసుపత్రిలో ఎముకల వైద్యుడు, తలకు శస్త్రచికిత్స చేయువాడు, మత్తుమందు ఇచ్చువాడు, స్కానింగు తీయువాడు, రక్తనిధి నడపువాడు ఒక్క ఆవరణలోనే దొరకుదురు. తల పగిలి, కాలు విరిగి, కడుపులో రక్తము కారుచున్న ఒక్క మనుష్యునికి ఈ అయిదుగురును ఒక్కసారే కావలెను. వేరువేరు వీధులలో ఉన్నచో ప్రయోజనము లేదు.

నాటి మద్రాసు రాష్ట్రపు తెలుగు జిల్లాలలో మొదటి వైద్య కళాశాల 1923లో విశాఖపట్టణమునను, తరువాత 1946లో గుంటూరునను నెలకొనెను. కృష్ణ కావలి ఒడ్డున ఉన్న గుంటూరే చిరకాలము మనకు దిక్కు. విజయవాడలో సిద్ధార్థ వైద్య కళాశాల 1980లో ఒక విద్యాసంస్థ పూనికతో పుట్టి, అనంతరము ప్రభుత్వపరమైనది. ఇక బందరునకు వైద్య కళాశాల వచ్చినది 2023లో. ఆ సంవత్సరము సెప్టెంబరు 15న రాష్ట్రములో ఒకేమారు ప్రారంభమైన అయిదు ప్రభుత్వ వైద్య కళాశాలలలో మచిలీపట్నము ఒకటి. దానిలో ఏటేట చేరు విద్యార్థులకు 150 సీట్లు ఏర్పరచిరి. అచ్చటి జిల్లా ఆసుపత్రి దానికి అనుబంధమైన సర్వజన ఆసుపత్రిగా మారినది. బందరులో వైద్యవృత్తి నెరపి, దానిని విడిచి దేశసేవకు దిగిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి పట్టణమునకు వైద్య కళాశాల వచ్చుటకు ఇంతకాలము పట్టినది.

కొత్త కళాశాల ఒక్కరోజున నిండుదనము పొందదు. ఒక్కొక్క విభాగము, ఒక్కొక్క యంత్రము సమకూరుటకు ఏండ్లు పట్టును. కావున బందరులో ఏయే చికిత్సలు రాత్రింబవళ్లు లభించుచున్నవో, వేటికి విజయవాడకో గుంటూరునకో పోవలెనో మీరు ఏడాదికి రెండుమారులైన అడిగి తెలిసికొనుచుండవలెను. ఎవరికైన ప్రాణము మీదికి వచ్చిన రాత్రి అడిగిన లాభము లేదు.

గడియారము ఏమి చెప్పును?

గాయము తగిలిన తరువాత మొదటి గంటను వైద్యులు గోల్డెన్ అవర్ అందురు. ఈ మాటను 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టములో కూడ చేర్చిరి. ఆ గంటలో తగిన చికిత్స అందిన ప్రాణము నిలుచు అవకాశము మిక్కుటమని దాని తాత్పర్యము.

నాగాయలంక నుండి అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి మీదుగ బందరు సుమారు 50 కిలోమీటర్లు. కరకట్ట దారిన విజయవాడ అంతకంటె చాల దూరము. పులిగడ్డ, పెనుమూడి వారధి దాటి రేపల్లె, తెనాలి మీదుగ గుంటూరునకు పోవచ్చును. చిరకాలము పడవలు, పంటులే ఆధారముగ బ్రతికిన ఎదురుమొండి వంటి లంకలవారికి ఈ దూరములు లెక్కించుటకు ముందే నీటి పాయను దాటు సమయమును కలుపుకొనవలెను. ఈ లెక్క చూచిన, గంటలోపల పెద్దాసుపత్రికి చేరుట అందరికిని సాధ్యము కాదని తేలుచున్నది. అట్లయిన ఆశ వదలుకొనవలెనా? అక్కరలేదు. గంటలోపల చేరవలసినది చికిత్స. అది తొలుత అవనిగడ్డలోనే, 108 వాహనములోనే ప్రారంభము కావచ్చును. ఊపిరి ఆడునట్లు చూచుట, నెత్తురు ఆపుట, సెలైను ఎక్కించుట, మెడ కదలకుండ పట్టీ వేయుట దారిలోనే జరుగును. మన రాష్ట్రములో 108 సేవ 2005 ఆగస్టు 15న ఆరంభమైనది. ఆ వాహనము కేవలము మోటారుబండి కాదు. అందు శిక్షణ పొందిన ఉద్యోగి ఉండును. కారులో త్వరగా పోగలమని దానిని కాదనుకొనుట అన్నివేళల మేలు కాదు.

పెద్దాసుపత్రి అత్యవసర విభాగములో మొదట జరుగు పని రోగులను వేరుపరచుట. వచ్చిన వరుస ప్రకారము కాక, ప్రాణాపాయము ప్రకారము చూతురు. తక్షణము చూడవలసిన వారికి ఎరుపు, కొంత ఆగగలవారికి పసుపు, నడువగలిగిన స్వల్ప గాయములవారికి ఆకుపచ్చ, చేయగలిగినదేమియు లేనివారికి నలుపు గుర్తు. ముందు వచ్చిన మావానిని విడిచి వెనుక వచ్చినవానిని తీసికొనిపోయిరని మనవారు కోపింతురు. మూలుగుచు అరచువానికంటె మూలుగు ఆగిపోయినవానికే ముందు వైద్యము కావలెనని వారికి తెలియజెప్పుడు.

దివిసీమ ప్రత్యేక ప్రమాదములు

గాయమనిన రోడ్డు ప్రమాదమొక్కటియే కాదు. చల్లపల్లి, మోపిదేవి మీదుగ పోవు 216వ జాతీయ రహదారిపై వాహనముల వేగము ఎంతటిదో మీరెరుగుదురు. దానికితోడు తాటిచెట్టు నుండి పడువారు, చెరువులలో ఏరేటర్ల తీగలవలన కరెంటు దెబ్బ తినువారు, ట్రాక్టరు బోల్తాపడి నలిగినవారు, పురుగుమందు మ్రింగినవారు, పాము కరచినవారు ఈ సీమ నుండి ఆసుపత్రికి చేరుచున్నారు.

పాముకాటు సంగతి కొంచెము వివరముగ చెప్పుదును. 2018 వర్షాకాలమున దివిసీమలో పాముకాట్లు అసాధారణముగ పెరిగి అవనిగడ్డ ఆసుపత్రికి వరుసగ బాధితులు వచ్చిన సంగతి మీకు జ్ఞాపకమున్నది. ఆ ఆగస్టు చివర మోపిదేవిలో సర్పశాంతి యాగము కూడ జరిగినది. భక్తి భక్తియే, ఔషధము ఔషధమే. రెండింటికిని వైరము లేదు, కాని విషము రక్తములో ప్రవేశించినపుడు దానిని విరుచునది గుర్రముల రక్తరసి నుండి తయారగు విరుగుడు సూదిమందు ఒక్కటే.

రక్తపింజర కరచిన రక్తము గడ్డకట్టు గుణమును కోల్పోవును. దీనిని తెలిసికొనుటకు డాక్టర్లు చేయు పరీక్ష మిక్కిలి సులభము: కొంచెము రక్తమును పొడి గాజు గొట్టములో పోసి 20 నిమిషములు కదల్పక ఉంచి, తరువాత వంచి చూతురు. గడ్డకట్టనిచో విషమున్నట్లే. కట్లపాము కాటు నొప్పి లేకుండ జరుగును; నేలమీద పండుకొన్నవానికి తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి, కనురెప్పలు వాలిపోవును; పిమ్మట ఊపిరి స్తంభించును. అపుడు కృత్రిమ శ్వాసయంత్రము కావలెను. రక్తపింజర విషముచే మూత్రపిండములు చెడినచో డయాలసిస్ కావలెను. చిన్న ఆసుపత్రిలో విరుగుడు మందు ప్రారంభించి, పెద్దాసుపత్రికి పంపుటలోని అంతరార్థమిదియే. మందు మొదలు పెట్టకుండ కేవలము పంపివేయుట తగదు. కావున మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో విరుగుడు మందు నిలువ ఎంత ఉన్నదో వర్షాకాలమునకు ముందే అడుగుట పంచాయతీ సభ్యుని హక్కు. నా దృష్టిలో ధర్మము కూడ.

కరచిన చోట కోయరాదు, పీల్చరాదు, త్రాడుతో బిగించి కట్టరాదు. ఉంగరములు, గాజులు తీసివేసి, విరిగిన కాలునకు వలె బద్దకట్టి, కదలనీయక తీసికొనిపోవలెను. పామును వెదకుచు కాలము వ్యర్థము చేయరాదు. పురుగుమందు మ్రింగినవానిచే బలవంతముగ వాంతి చేయింపరాదు. మందుసీసాను మాత్రము వెంట తీసికొనిపోవలెను. కరెంటు పట్టినవానిని ముట్టుకొనుటకు ముందు మెయిను ఆపవలెను. నెత్తురు కారుచో కాఫీ పొడి, మట్టి అద్దక, శుభ్రమైన గుడ్డ మడచి గట్టిగ అదిమి పట్టవలెను. వెన్ను దెబ్బ అనుమానమున్నచో కాళ్లు చేతులు పట్టి మోయరాదు. బల్లమీదనో తలుపు రెక్కమీదనో పరుండబెట్టి మోయవలెను. త్రాగుటకు నీరైనను, సోడాయైనను ఇవ్వరాదు; కడుపు నిండియున్నచో మత్తుమందు ఇచ్చుట ప్రమాదకరము. మా మేనమామకు సోడా ఇచ్చిన చేతులలో నా చేయి కూడ ఒకటి. నాకు అప్పుడు తెలియదు.

భయము వలదు

రోడ్డుమీద పడియున్నవానిని ముట్టుకొన్న పోలీసు కేసు మెడకు చుట్టుకొనునన్న భయముచే చాలమంది తొలగిపోవుదురు. ఈ భయము నేడు నిరాధారము. 1989లోనే సుప్రీంకోర్టు, గాయపడినవానికి ముందుగ చికిత్స చేయుట ప్రతి డాక్టరు విధి యనియు, పోలీసు లాంఛనములు తరువాతివనియు తీర్పు చెప్పినది. సహాయకులను వేధింపరాదన్న మార్గదర్శకములను 2016లో ఆ న్యాయస్థానమే ఆమోదించినది. 2019లో మోటారు వాహనముల చట్టమున 134-ఎ సెక్షను చేరినది. దాని ప్రకారము, సద్బుద్ధితో గాయపడినవానికి తోడ్పడినవానిపై కేసు గాని నష్టపరిహారపు దావా గాని ఉండదు. అతడు తన పేరు చెప్పవలెనన్న నిర్బంధము లేదు. సాక్ష్యము ఇచ్చుట అతని ఇష్టము. సకాలములో ఆసుపత్రికి చేర్చినవారికి బహుమతి ఇచ్చు కేంద్ర పథకము 2021లో 5,000 రూపాయలతో ప్రారంభమై, 2025లో ఆ మొత్తము 25,000 రూపాయలకు పెరిగినది.

డబ్బు భయము మరియొకటి. రోడ్డు ప్రమాదమున గాయపడినవారికి 7 దినముల వరకు, 1,50,000 రూపాయలకు మించకుండ, నగదు చెల్లింపు లేని చికిత్స ఇచ్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2025 మే నెలలో ప్రకటించినది. ఈ సంగతి తెలియక, భూమి కాగితములు చేతబట్టుకొని రాత్రివేళ వడ్డీ వ్యాపారి తలుపు తట్టువారు మన గ్రామములలో ఉండరాదు.

లోపములను దాచను

ప్రచార శాఖవాడను గనుక అన్నియు బాగున్నవని చెప్పుదునని మీరనుకొనవద్దు. పెద్దాసుపత్రిలో రద్దీ ఉన్నది. ఒక్కొక్కప్పుడు మంచము దొరకదు. ఏ కిటికీకి పోవలెనో చెప్పువాడు కనబడడు. చదువురాని ముసలమ్మ స్కానింగు కాగితము చేతబట్టుకొని వరండాలో నిలిచి ఏడ్చుట నేను చూచితిని. వైద్యులపై మనవారు చేయి చేసికొనుటయు చూచితిని, రెండును విచారకరములే. ఆ ముసలమ్మకు కావలసినది నూతన యంత్రము కాదు. వెంట నిలిచి దారి చూపు మనిషి. ఆ మనిషిని ప్రభుత్వము ప్రతి రోగికిని ఇవ్వజాలదు. గ్రామము ఇవ్వగలదు.

పంచాయతీ చేయదగిన పనులు

ఇవి ఖర్చులేనివి, తీర్మానమొకటి చాలును.

మొదటిది: గ్రామమున ఇద్దరు ముగ్గురు యువకులను ఆసుపత్రి తోడుగ ఎన్నుకొనుడు. వారు ఒకమారు బందరునకును, విజయవాడకును పోయి అత్యవసర విభాగము ఎచ్చట, రక్తనిధి ఎచ్చట, పోలీసు అవుట్‌పోస్టు ఎచ్చట, ఫిర్యాదు వినువారెవరు అని కన్నులార చూచి రావలెను.

రెండవది: రక్తదాతల పట్టిక వ్రాసి పంచాయతీ కార్యాలయమున ఉంచుడు. 18 ఏండ్లు నిండి, 45 కిలోలకు తక్కువ కాని బరువుగల ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చును. పురుషులు మూడు నెలలకొకమారు, స్త్రీలు నాలుగు నెలలకొకమారు. రాత్రి రక్తమునకై పరుగెత్తుటకంటె, ముందే శిబిరము పెట్టి రక్తనిధిని నింపుట మేలు.

మూడవది: లంక గ్రామములలో పంటు, పడవ నడపువారితో మాటలాడి, రాత్రి ఆపద వచ్చినచో ఎవరిని లేపవలెనో, ఆవలి ఒడ్డున 108 వాహనము ఎచ్చట నిలువవలెనో నిర్ణయించి గోడపై వ్రాయింపుడు.

నాలుగవది: వైద్య విద్యార్థులు గ్రామములలో కొన్ని కుటుంబములను దత్తత తీసికొని వారి ఆరోగ్యమును గమనించు కార్యక్రమము జాతీయ వైద్య కమిషను పాఠ్యక్రమములో ఉన్నది. పి.జి. వైద్యులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రులలో పనిచేయవలెనన్న నియమమును కలదు. మా గ్రామమునకు రమ్మని కళాశాల ప్రిన్సిపాలుగారికి తీర్మానము పంపుడు. రేపటి ప్రొఫెసరు నేడు మీ అరుగుమీద కూర్చుండి మీ జీవితము చూచిన, ఎల్లుండి మీవానిని కేవలము కేసు నంబరుగ చూడడు.

అయిదవది: ప్రమాదముగాని, పాముకాటుగాని జరిగిన ప్రతిమారు ఒక పుస్తకములో వ్రాయుడు: ఎన్ని గంటలకు జరిగెను, ఎన్ని గంటలకు 108 వచ్చెను, ఎచ్చట మొదట చూపిరి, ఎన్ని గంటలకు పెద్దాసుపత్రి చేరిరి. ఏడాది చివర ఆ పుస్తకము తెరచి చూచిన, కాలము ఎచ్చట వృథా అగుచున్నదో మీకే తెలియును. అధికారుల యెదుట నోటిమాటకంటె ఆ పుస్తకము ఎక్కువ బలముగ పలుకును.

పెద్దలారా, 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఈ సీమలో పెద్దలు మరువలేదు. సొర్లగొంది పేరు తలచిన నేటికిని గుండె బరువెక్కును. నాడు బందరులో వైద్య కళాశాల లేదు, 108 లేదు, చేతిలో ఫోను లేదు. నలుబదియారేండ్లకు కళాశాల వచ్చినది. ఉప్పెన ఒక్క రాత్రిలో వేలమందిని తీసికొనిపోయినది గనుక దానికి స్మారక స్తంభములు నిలిపితిమి. రోడ్డుమీద, చెరువుగట్టుమీద ఒక్కొక్కరుగ పోవువారికి స్తంభములుండవు. వారి ఇంటివారికి మాత్రమే ఆ రాత్రి జ్ఞాపకము. వారికి మనము చేయగలిగిన మేలు ఇదియే: ఈసారి ఎవరికైన ఆపద వచ్చినపుడు, గ్రామములో ఎవరిని అడిగినను ఎచ్చటికి పోవలెనో తడుముకొనక చెప్పవలెను.

మా మేనమామ పడిన రాత్రి అట్లు చెప్పగలవాడు ఒక్కడున్న చాలును. మీ గ్రామమున ఆ ఒక్కరు మీరు కావలెనని కోరుచున్నాను.